కాలువ వంతు, కరెంటు వంతు

ఈ సంచిక కొఱకు విజ్ఞానశాస్త్ర సంబంధమైన వ్యాస మొకటి వ్రాయుమని కోరినప్పుడు, నక్షత్రములను గూర్చి వ్రాయుదునని మొదట మాట యిచ్చితిని. మన పాఠశాల సైకిలు షెడ్డులో గోడకు బిగించిన పండ్రెండు ప్లగ్గులు నా నిర్ణయమును మార్చినవి. నక్షత్రములు వచ్చు సంవత్సరము వఱకు వేచియుండగలవు.

నేను లస్కరు కుమారుడను. ఈ మాట యిప్పటి బాలబాలికలలో కొందఱికి తెలియకపోవచ్చును. కాలువమీద తూములు తీయుట, మూయుట, గట్లు కాచుట, నీటిమట్టము చూచి పైయధికారులకు తెలుపుట లస్కరు పని. ధవళేశ్వరము కడ 1847లో ఆరంభమై 1852లో ముగిసిన కాటనుదొరగారి ఆనకట్టవలన మన సీమకు నీరు చేకూఱినదని మీరు పాఠములలో చదివియున్నారు. ఆ నీరు విజ్జేశ్వరము కడ పశ్చిమ డెల్టా కాలువలోనికి మఱలి, ఏలూరు కాలువగా చీలి, తాడేపల్లిగూడెము మీదుగా మన యూరికి వచ్చుచున్నది. తాడేపల్లిగూడెమునకు దిగువ నా కాలువనుండి పోవు నొక పంటకాలువపై మా తండ్రిగారు ముప్పది సంవత్సరములు పనిచేసిరి. ఒక పార, ఒక లాంతరు, తాళపుచెవుల గుత్తి, నీలిరంగు అట్టగల యొక పుస్తకము వారి సామగ్రి.

సార్వాపంటకు నీటి కొఱత యంతగా నుండదు. దాళ్వాలో గోదావరి సన్నగిల్లును. అప్పుడు సీలేరు విద్యుత్కేంద్రములనుండి విడిచిన నీరు శబరిలో కలిసి, గోదావరికి చేరి, మన చేలను కాచును. అనగా దాళ్వావరి త్రాగు నీటిలో కొంత, కొండలలో యంత్రచక్రములను త్రిప్పి విద్యుత్తు పుట్టించి వచ్చిన నీరే. ఆ నీరును చాలనప్పుడు వంతులు పెట్టుదురు. కొన్ని దినములు ఈ కాలువకు, కొన్ని దినములు ఆ కాలువకు. ఒక బోదెమీద నైనను ఈ రాత్రి ఒకరికి, రేపటి రాత్రి మఱియొకరికి.

నాకు పది సంవత్సరముల వయస్సున, "అందఱి తూములును కొంచెము కొంచెము తెఱచిన తగవులుండవు గదా" అని తండ్రిగారి నడిగితిని. వారు బదులు చెప్పక నన్ను బోదెగట్టుమీదికి తీసికొనిపోయి మూడు తూములును జానెడేసి యెత్తిరి. చూచుచుండగనే బోదెలోని నీరు క్రుంగి, ఏ చేనిలోనికిని ఎక్కలేక అడుగున ప్రాకుచు నిలిచిపోయెను. పిమ్మట రెండు మూసిరి. మూడవ తూమునుండి నీరు గలగలమని చేనిలోనికి దూకెను. "అందరికీ ఇచ్చానుగా, ఎవరి చేను తడిసిందో చెప్పు" అని మాత్రమనిరి. రాజమహేంద్రవరములో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నప్పుడు, ప్రత్యక్ష ప్రదర్శనముచే బోధించుటను గూర్చి ఎన్నియో ప్రకరణములు చదివితిని గాని అంతకంటె మంచి పాఠమును నేను ఎఱుగను.

ఇక షెడ్డు సంగతి. మన విద్యార్థులలో పలువురు కొల్లేటి గ్రామములనుండి వచ్చుచున్నారు. వారిని తెచ్చు ఆటోలలో నాలుగు, డీజిలు మానివేసి విద్యుత్తుతో నడచుచున్నవి. ఉపాధ్యాయులలో ఎనిమిదిమందికి విద్యుత్తు స్కూటర్లు కలవు. పిల్లలు చదువుకొనునంతసేపు ఆటోలు చెట్టుక్రింద ఊరకయుండును గనుక ఆ వేళ ఛార్జింగునకు అనుమతింపుమని నడుపువారు కోరిరి. అది న్యాయమైన కోరిక. ప్లగ్గులు పెట్టించితిమి, వేఱు మీటరు పెట్టి, ఎవరి యూనిట్లకు వారు సొమ్ము చెల్లించునట్లు ఏర్పాటు చేసితిమి. పర్యవేక్షణము భౌతికశాస్త్రోపాధ్యాయుడనైన నాకు అప్పగింపబడెను.

లెక్క చూడుడు. పాఠశాలకు మంజూరైన విద్యుద్భారము 20 కిలోవాట్లు. పంకాలు, దీపములు, కంప్యూటర్ల గది కలిసి పగటివేళ 12 వఱకు తీసికొనును. మిగులు 8. ఒక్కొక్క ఆటో 2 కిలోవాట్ల చొప్పున నాలుగు ఆటోలకు 8. ఒక్కొక్క స్కూటరు ముప్పాతిక కిలోవాటు చొప్పున ఎనిమిదింటికి 6. మొత్తము 14 కావలసియుండగా మనయొద్ద నున్నది 8. మొదటి వారములోనే, కంప్యూటరు పరీక్ష జరుగుచుండగా మెయిన్ స్విచ్చి పడిపోయెను. ముప్పదిమంది పిల్లల జవాబులు ఆ చీకటి తెరలలో అంతరించెను.

నేను వెంటనే యొక నియమము చేసితిని: మొదట వచ్చినవారికి మొదట, లెక్క 8 కిలోవాట్లకు చేరిన పిదప ఎవ్వరును ప్లగ్గు పెట్టరాదు. ఆ నియమము గోడపై నంటించినప్పుడు నాకు మిక్కిలి తృప్తి కలిగినది. అందులో పక్షపాత మెక్కడనున్నదని ఎవరైన అడిగినయెడల నవ్వియుందును. కాని ఉపాధ్యాయులము ఊరిలోనివారము, ఎనిమిదింబావుకే వచ్చెదము. ఆటోలు ఊరూర పిల్లల నెక్కించుకొని, తొమ్మిది దాటిన పిదప గాని చేరవు. ఎనిమిది స్కూటర్లు ముందుగా నిలిచినయెడల 6 కిలోవాట్లు పోయినట్లే. మిగిలిన రెండింట ఒక్క ఆటోకు చోటు. మఱియొక సంగతి. సగము నిండియున్న స్కూటరు గంటన్నర, రెండు గంటలలో నిండిపోవును. ఆపైన అది విద్యుత్తు తీసికొనదు. అయినను దాని యజమాని తరగతిలోనుండుటచే ప్లగ్గు సాయంకాలము వఱకు అట్లే యుండును. నేను ప్లగ్గులను లెక్కించితిని గాని ప్రవాహమును లెక్కింపనైతిని. భౌతికశాస్త్రము చెప్పువాడు చేయవలసిన తప్పు కాదది.

గత వర్షకాలమున నొక సాయంకాలము, ఛార్జింగు చాలని యొక ఆటో ఆఱుగురు పిల్లలతో బయలుదేఱెను. చప్టామీద నీరు పాఱుచుండుటచే చుట్టుదారి పట్టవలసివచ్చెను. కొల్లేటిలోనికి తమ్మిలేరు, బుడమేరు మొదలగునవి వచ్చి పడునని, పోవు దారి ఉప్పుటేరొక్కటే యని మీ రెఱుగుదురు. వాన గట్టిగా కురిసిన ఆ ప్రక్క దారులు మునుగుట క్రొత్త కాదు. ఇరుప్రక్కల చేపలచెఱువులున్న సన్నని గట్టుమీద, చీకటిపడువేళ, ఆటో ఆగిపోయెను. పిల్లలు దిగి నడచిరి. ఎనిమిదవ తరగతి చదువు నొక బాలిక బురదలో జాఱి చెఱువులో పడెను. ఆటో నడుపు నతడు దూకి ఆమెను గట్టుకు చేర్చెను. సంచి మునిగెను, ఒక చెప్పు పోయెను. తల్లిదండ్రులు దీపములు పట్టుకొని యెదురువచ్చుసరికి రాత్రి యెనిమిది దాటినది.

ఈ వృత్తాంతము నాకు మఱునాడు తెలిసినది. ప్రార్థన గంటకు పోవుచు, హాలు కిటికీలలో ఎండబెట్టిన నోటుపుస్తకములను చూచితిని. వానిలో నొకటి నేను చెప్పిన విద్యుత్ పాఠము. సిరా కరగి వలయచిత్రములన్నియు నీలిమచ్చలైనవి. ఆటో నతనిని పిలిచి, "ఛార్జింగు చాలదని నిన్న నాతో నేల చెప్పలేదు?" అని యడిగితిని. అతడు కోపగించుకొనలేదు. "చెప్తే మీరేం చేస్తారండీ మాస్టారూ, రూలు రూలే కదండీ. మాది శివారండీ, ఆయ్" అనెను. ఆ రాత్రి కైకలూరునకు చేపల పెట్టెలు చేరవేయు బాడుగయు అతనికి తప్పిపోయినదని తరువాత మఱియొకరు చెప్పిరి, అతడు చెప్పలేదు.

శివారు. కాలువ చివరి భూములను గూర్చి నా బాల్యమంతయు నేను విన్న మాట యిది. ఎగువవారు వంతు మీఱినప్పుడు, మా యింటి అరుగు దగ్గఱ చేతులు కట్టుకొని నిలిచిన దిగువ రైతులు చెప్పుకొను మాట. ఒకమాఱు ఎగువ భూస్వామి యొకడు రాత్రివేళ తూము తెఱపించుకొనగా, తండ్రిగారు ఒంటరిగా పోయి మూసివచ్చిరి. అతని మనుష్యులు లాంతరు పగులగొట్టిరి. ఆ పగిలిన లాంతరును మా యింట చాలకాలము పాఱవేయలేదు. అట్టివాని కుమారుడనైన నేను, ఎగువవారి పక్షమున నియమము వ్రాసి, దానికి నిష్పక్షపాతమని పేరు పెట్టుకొంటిని.

అయినచో అందఱికిని సమానముగా పంచిన బాగుండునా? నేనును అట్లే తలచితిని. ఆ యాదివారమున నొక మిత్రుని కారులో తాడేపల్లిగూడెము పోవుచు, జాతీయ రహదారి ప్రక్కనున్న ఛార్జింగు కేంద్రమున నాగితిమి. అచ్చట నున్నది 60 కిలోవాట్ల యంత్రము, రెండు గొట్టములు. ఒక్క కారున్నప్పుడు అరువదియు దానికే. రెండవది వచ్చినచో చెఱి 30. మేము చేరునప్పటికి విశాఖపట్టణమునుండి వచ్చిన కారొకటి యుండెను. మేము తగిలించినంతనే తన భాగము సగమైనదని దాని యజమాని మండిపడెను. చిత్రమేమనగా, అతని బ్యాటరీ అప్పటికే నూటికి 85 పాళ్లు నిండినది. బ్యాటరీ యెనుబది పాళ్లు దాటిన పిదప తానై గ్రుక్కలు తగ్గించుకొనును; తడిసిన చేను నీరు పీల్చనట్లు. తెరమీద చూడగా అతని కారు తీసికొనుచున్నది ఇరువదికి లోపలనే. అతనికని నిలిపిన ముప్పదిలో మిగిలిన పది అతనికిని దక్కలేదు, మాకును దక్కలేదు. ఆ యంత్రము సగము చేయుట నేర్చినది గాని చూచుట నేర్వలేదు. ఇంతకంటె తెలివిగలవి, ఒక కారు విడిచిన శక్తిని వెంటనే రెండవదానికి త్రిప్పునవి, కలవు.

పిమ్మట నీ విషయమును గూర్చి చదువ నారంభించితిని. కార్లకు వాడు సామాన్యమైన ఛార్జింగు తీఁగలో విద్యుత్తు పోవు తంతులుగాక, మాట్లాడుట కొక సన్నని తంతి కలదు. అందులో వోల్టేజి క్షణమునకు వేయిసారులు లేచి పడుచుండును. లేచియున్న కాలము నూటికి 10 పాళ్లైన "6 ఆంపియర్లు మించి తీసికొనకుము" అని యర్థము. 50 పాళ్లైన 30 ఆంపియర్లు. కారు ఆ యాజ్ఞను కొలది క్షణములలో పాటించును. కావున ఒక్క చిన్న యంత్రము మొత్తము భారమును కనిపెట్టుచు, ఒక్కొక్క కారునకు పెంచుచు తగ్గించుచు, మెయిన్ స్విచ్చి పడకుండ కాపాడగలదు. అయితే 6 ఆంపియర్లకు తక్కువ ఇచ్చుటకు ఆ భాషలో మాటయే లేదు. అంతకు తగ్గవలసివచ్చిన కొన్నింటిని పూర్తిగా నాపి, కొన్నింటికిచ్చి, పిదప మార్చవలెను. ఈ వాక్యము చదువగానే పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. జానెడేసి యెత్తిన ఆ మూడు తూములు నా కన్నులయెదుట నిలిచినవి.

అమెరికాలోని పాసడీనా పట్టణమున కాల్టెక్ అను సుప్రసిద్ధ విద్యాలయము కలదు. అచ్చటి కార్ల షెడ్డునందు 2016 మొదలుకొని యిట్టి యేర్పాటు నడచినది. యాబదికి పైగా ఛార్జింగు స్థానములు. అన్నియు నొక్కమాఱు పూర్తిగా పనిచేసిన 300 కిలోవాట్లకు మించి కావలెను. ట్రాన్స్‌ఫార్మరు శక్తి అందులో సగమైనను లేదు. అయినను పని జరిగినది. ఎట్లు? కారు నిలిపినవారిని రెండు ప్రశ్న లడుగుదురు: ఎప్పుడు పోవుదురు? ఎంత దూరమునకు కావలెను? సాయంకాలము వఱకు కదలనివాడు ఇప్పుడు నిరీక్షింపవచ్చును. గంటలో పోవలసినవానికి ముందు. మా తండ్రిగారు వంతు వ్రాయుటకు ముందు రైతుల నడుగునవియు రెండే ప్రశ్నలు: నాట్లు వేసి ఎన్నాళ్లయినది? నేల నెఱ్ఱె విచ్చినదా?

మరునాడు షెడ్డు లెక్కను తొమ్మిదవ, ఎనిమిదవ తరగతుల నల్లబల్లపై వ్రాసి, మీరే చేయుడంటిని. ఒక్కొక్క స్కూటరు ఎంతదూరము పోవునో విచారింపుమని వారికి తోచుట నాకు ముచ్చట గొలిపినది, కొంత సిగ్గును కలిగించినది. యూనిటుకు ముప్పది కిలోమీటర్ల వఱకు పోవు స్కూటరుపై, మూడు కిలోమీటర్ల దూరమున నున్న ఉపాధ్యాయుడు దినమునకు పావు యూనిటైనను ఖర్చు చేయడు. ఆటోకు ఎనిమిది యూనిట్ల వఱకు కావలెను. 2 కిలోవాట్ల చొప్పున నాలుగు గంటలు. తొమ్మిదిన్నరనుండి ఒకటిన్నర వఱకు నాలుగు ఆటోలును, ఒకటిన్నరనుండి నాలుగున్నర వఱకు స్కూటర్లును పెట్టిన సరిపోవునని తేల్చిరి. నేను వారినాపి, నీటిపంపు 2 కిలోవాట్లు తీసికొనునని, ఉదయము పదింటికి దానిని వేయుదురని జ్ఞాపకము చేసితిని. తరగతి నిశ్శబ్దమాయెను. సిరా కరగిన పుస్తకముగల బాలిక లేచి, "పంపు ప్రార్థనకు ముందే వేసేస్తే సరి కదండీ" అనెను. ఇన్ని సంవత్సరములుగా పదింటికే ఎందుకు వేయుచున్నారని కావలివానిని అడిగితిని, అతనికిని తెలియదు.

ఉపాధ్యాయుల గదిలో ఈ పట్టిక అంత సులభముగా చెల్లలేదు. పాఠశాల విద్యుత్తులో పాఠశాలవారికే ప్రథమస్థానమని, ఆటోలవారు వెలుపల చూచుకొనవలెనని యొక పెద్దమనిషి యనిరి. ఆయన వాదము త్రోసివేయదగినది కాదు. సాయంకాలము ట్యూషన్లకు దూరము పోవువారు మాలోను కలరు. ఛార్జింగు కేంద్రము పెట్టి సొమ్ము తీసికొనుట విద్యుత్తు అమ్ముట కాదని, సేవయని, అందుకు లైసెన్సు అక్కఱలేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 ఏప్రిలులో తేల్చినదని నేను చెప్పగా మఱియొక సందేహము తీఱెను. మొదటి సందేహమునకు ఆ తడిసిన నోటుపుస్తకమును బల్లమీద నుంచితిని. ఎవ్వరును మాటాడలేదు. ట్యూషన్లకు పోవు ఇద్దఱికి మాత్రము, ముందుగా వ్రాసియిచ్చిన దినములలో, ఉదయము చోటు కల్పించితిమి.

మన పాఠశాలలో చదివి విద్యుత్ పని నేర్చిన యువకుడొకడు చిన్న పెట్టె నొకదానిని అమర్చిపెట్టెను. అది మెయిన్ తంతిలోని ప్రవాహమును కొలుచుచు, హద్దు సమీపించినయెడల మొదట స్కూటర్ల వరుసను ఆపును. తగ్గినపిదప మరల కలుపును. అది రాకముందు నాలుగు మాసములు ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఒక గోడగడియారము ఆ పని చేసినవి. పెట్టె వచ్చినను పుస్తకము తీసివేయలేదు. ఎవరు ఎప్పుడు పోవుదురో పెట్టెకు తెలియదు గదా.

కొల్లేటి గ్రామములలో ఈ ప్రశ్న యింకను కఠినముగా రానున్నదని నా భయము. పగలు ఇచ్చట ఛార్జింగు దొరకని ఆటో రాత్రి యింటికడ పెట్టుకొనవలెను. రాత్రివేళ రొయ్యలచెఱువులలో ఏరియేటర్లు త్రిప్పుదురు. వెలుతురు లేనప్పుడు నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును పుట్టింపక తానును పీల్చుకొనుటచే, తెల్లవాఱుటకు ముందు చెఱువులో ప్రాణవాయువు అన్నిటికంటె తగ్గును. ఆ గంటలో ట్రాన్స్‌ఫార్మరు పడిపోయిన ఒక రైతు పంటయంతయు పోవచ్చును. ఆటోకు తెల్లవాఱుజాము మూడింటికి విద్యుత్తు అక్కఱలేదు. ఏడింటికి నిండియున్న చాలును. రొయ్యకు మూడింటికే కావలెను. ఈ రెండు సంగతులు ఒకే కాగితముపై వ్రాయువాడు ఆ యూరిలో నుండవలెను. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో, ప్రజా ఛార్జింగు కేంద్రములకు ఉదయము 9 నుండి సాయంకాలము 4 వఱకు, సూర్యశక్తి మెండుగానుండు వేళ, వెల తక్కువగా నుంచుటకు చెప్పియున్నారు. పాఠశాల సమయమును ఆ సమయమును ఇంచుమించుగా నొకటే యగుట గమనింపదగినది. పగలెల్ల ఖాళీగానుండు ఆవరణలు ఒక్క మనకే కలవా?

సంక్రాంతి సెలవులకు ముందు మా తండ్రిగారిని తీసికొనివచ్చి షెడ్డు చూపితిని. వారికి ఎనుబది సమీపించినవి. పెట్టె పనిచేయు విధమును వివరింపగా శ్రద్ధతో వినిరి. ఆటో నతడు కుర్చీ తెచ్చి వేసెను. అంతయు విని వారు, "దీని తాళం ఎవరి దగ్గరుంటుంది?" అనిరి. కావలివానియొద్ద ఒకటి, నాయొద్ద ఒకటి యంటిని. వారు కొంతసేపూరకుండి, మేకునకు వ్రేలాడుచున్న పుస్తకమును తీయించి, కన్నులకు దగ్గఱగా పట్టుకొని వారము దినముల వంతులు చదివిరి. నా పేరు మంగళవారము ఉదయము వరుసలో నుండుట చూచి, వ్రేలితో చూపి, ఏమని యడిగిరి. ఆనాడు తణుకు పోవలసిన పని యుండెనని చెప్పితిని. ప్రక్కనున్న ఆటో నతనివైపు చూచిరి. "అవునండీ, మాస్టారు ముందురోజే రాశారండీ" అని యతడు సాక్ష్యము పలికెను. అప్పుడు పుస్తకము మరల మేకునకు తగిలింపుమనిరి.

వచ్చు జూనునుండి మఱి రెండు ఆటోలు చేరగోరుచున్నవి. ఏడు గంటలు, 8 కిలోవాట్లు: మొత్తము 56 యూనిట్లు. ఆఱు ఆటోలకు 48; స్కూటర్లకు ఒక్కొక్క యూనిటు చొప్పున 8. కాగితముపై సరిగా సరిపోయినది, ఒక్క అరనిమిషమైనను మిగులలేదు. భారము పెంచుమని దరఖాస్తు వ్రాయుచున్నాము. ఈ లోపల తొమ్మిదవ తరగతివారు పట్టికను మరల గీయుచున్నారు. తమ ఆటో ఎన్ని గంటలకు వచ్చునో, ఇల్లెంత దూరమో, తల్లిదండ్రులు దయచేసి పిల్లలచేత వ్రాసి పంపవలెను.